టి. నగర్‌లో ఇల్లు చూసుకుంటున్న మేనకోడలికి

టి. నగర్, చెన్నై

చిరంజీవి మాధవికి,

అల్లుడికి చెన్నై బదిలీ అయిందనీ, నువ్వు టి. నగర్‌లోనే ఇల్లు కావాలని పట్టుబట్టావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. పట్టుచీరలకీ నగలకీ ఇక్కడికి వచ్చేవాళ్ళతో రంగనాథన్ వీధిలో కాలు పెట్టే సందు ఉండదు. చీకటి పడ్డాక సంచులు మోసుకుని మాంబళం స్టేషనులో రైలెక్కి పోతారు. వాళ్ళకిది బజారు. మీరు ఇక్కడే ఉండబోతున్నారు కాబట్టి మీకిది మీ పేట కావాలి. అందుకు ఏమేం చూసుకోవాలో నాకు తోచింది రాస్తున్నాను.

ముందు నేల సంగతి. మీరు తిరగబోయే ఈ వీధులు వందేళ్ళ కిందట చెరువు. నుంగంబాకం వైపు నుంచి సైదాపేట దాకా వంపు తిరిగి మైళ్ళ పొడవున ఉండేది. అందుకే దాన్ని లాంగ్ టాంక్ అనేవారు. మౌంట్ రోడ్డు దాని తూర్పు గట్టు పక్కనే పోయేది. పడమటి వైపు మాంబళం పల్లె. ఊళ్ళో ఇళ్ళకు చోటు చాలకపోయేసరికి 1920లో పట్టణ ప్రణాళికా చట్టం చేశారు. 1923లో చెరువు నీళ్ళు వదిలేసి, మధ్యన పార్కు పెట్టి, చుట్టూ రోడ్లు గీసి, స్థలాలు పంచడం మొదలుపెట్టారు. పేట వెలిసింది గానీ పల్లం పల్లంగానే ఉండిపోయింది. నీరు పల్లమెరుగు అని ఊరికే అన్నారా? 2021 నవంబరులో జి.ఎన్. చెట్టి రోడ్డు చూసినవాళ్ళు మళ్ళీ చెరువు నిండిందనుకున్నారు.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు గచ్చు, టైల్సు తర్వాత చూడొచ్చు. ముందు గేటు దగ్గర నిలబడి రోడ్డు ఎత్తా, గడప ఎత్తా అన్నది చూడు. మా వీధిలో ఒక పాత ఇల్లుంది. కట్టినప్పుడు వీధిలోంచి మూడు మెట్లెక్కి వరండాలోకి వెళ్ళేవారు. రోడ్డు వేసినప్పుడల్లా పాత తారు గీకకుండా దానిమీదే మరో పొర పోశారు. మెట్లు ఒకటొకటిగా తారు కిందికి పోయాయి. గేటు తెరుచుకోవాలంటే అడుగున ఇనుము కోయించాల్సి వచ్చింది. ఇప్పుడు వీధిలోంచి ఆ ఇంట్లోకి ఒక మెట్టు దిగాలి. అలాంటి చోట కింది వాటా అద్దె తక్కువని ఆశపడకు. కరెంటు మీటర్లు ఎంత ఎత్తున బిగించారో, నీళ్ళ మోటారు ఎక్కడుందో చూడు. నీళ్ళు ఎందాకా వచ్చాయని బ్రోకరును అడిగితే లాభం లేదు. చెట్టుకింద ఇస్త్రీ బండి పెట్టుకున్నతను గోడమీద గీత చూపిస్తాడు.

ఇక పేర్లు. త్యాగరాయ నగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టిగారు మన తెలుగాయనే. ఆయన కార్పొరేషన్ అధ్యక్షుడుగా ఉండగానే, 1920లో, థౌజండ్ లైట్స్ బడిలో పేద పిల్లలకు తిండి పెట్టడం మొదలైంది. పానగల్ పార్కు పేరు పానగంటి రామరాయనింగారిది. కాళహస్తిలో పుట్టి, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా చేశాడు. ఈ పేట వెలిసింది ఆయన ఏలుబడిలోనే. ఆయనది జస్టిస్ పార్టీ. 1916లో ఆ పార్టీ పెట్టిన ముగ్గురూ ఇక్కడి వీధుల్లో ఉన్నారు: త్యాగరాయ రోడ్డు, నాయర్ రోడ్డు, నటేశన్ పార్కు. అధికారంలో ఉన్నవాళ్ళు తమవాళ్ళ పేర్లు పెట్టుకున్నారనుకో, అదీ నిజమే. కానీ పార్కులకు చోటు వదిలి ఆ తర్వాతే స్థలాలు అమ్మారు చూడు, ఆ మేలు మనం ఇవాళ్టికీ అనుభవిస్తున్నాం.

మనవాళ్ళ సినిమా వైభవం కూడా ఇక్కడ బోలెడు వినిపిస్తారు. తిరుపతిలో మొక్కు తీర్చుకున్న జనం బస్సుల్లో వచ్చి బజుల్లా రోడ్డులో ఎన్.టి. రామారావుగారి ఇంటిముందు నిలబడేవారు. రాజాజీ ఉన్నదీ ఆ రోడ్డులోనే. పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయాక మిగిలినవాళ్ళలో చాలామంది ఆ కబుర్లతోనే పొద్దుపుచ్చుతారు. వినడానికి బాగానే ఉంటాయి, వాటితోనే సరిపెట్టుకోకు. చిత్తూరు నాగయ్యగారు తాను త్యాగయ్య వేషం కట్టిన రోజుల్లోనే ఇక్కడ త్యాగబ్రహ్మ గానసభ పెట్టారు. దాని వాణీ మహల్‌లో డిసెంబరు కచేరీలు ఇప్పటికీ జరుగుతున్నాయి. పగటి కచేరీకి వెళ్ళి కూర్చో. పక్క కుర్చీలో పెద్దావిడ తాళం వేస్తూనే నీ వివరాలన్నీ అడిగేస్తుంది. విసుక్కోకు. ఆ ఒక్క పరిచయంతో నీకు నాలుగిళ్ళ తలుపులు తెరుచుకుంటాయి.

తెలుగు మాట వినాలనిపిస్తే విజయరాఘవ రోడ్డులో ఆంధ్రా క్లబ్బు ఉంది. వెంకటనారాయణ రోడ్డులో తితిదే వారి గుడి ఉంది. శనివారాలు వరస పొడుగ్గా ఉంటుంది, తెల్లారే వెళ్ళు. కానీ గుడికీ క్లబ్బుకీ పరిమితమైతే నువ్వు ఇక్కడ చుట్టంచూపుగా మిగిలిపోతావు. తమిళం నేర్చుకో. పూలమ్మాయితో, పాలబ్బాయితో, కార్పొరేషన్ మనుషులతో తప్పులతోనైనా సరే తమిళంలోనే మాట్లాడు. నువ్వు తడబడితే వాళ్ళే దిద్దుతారు, దిద్దినవాళ్ళు మరిచిపోరు.

అద్దెవాళ్ళం కదా, అపార్టుమెంటు మీటింగుకి మనమెందుకని ఇద్దరూ ఇంట్లో కూర్చోవద్దు. ఓనర్లలో సగంమంది అమెరికాలో ఉంటారు, నీళ్ళొస్తే తడిసేది ఉన్నవాళ్ళే. తమిళనాడులో 2003 నాటికే ప్రతి ఇంటికీ వాన నీటిని ఇంకించే ఏర్పాటు తప్పనిసరి చేశారు. గుంతలు దాదాపు అందరూ తవ్వించారు, పూడిక తీయించేవాళ్ళే తక్కువ. ఇక్కడ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సెప్టెంబరు మీటింగులో మీ ఇంకుడు గుంత మూత తెరిపించి, ఇసుకా కంకరా కడిగించమని అడుగు. ఖర్చు పెద్దది కాదు. చెరువు తాగిన నీటిలో కొంతైనా ఆ గుంతలు తాగాలి మరి. కొత్తగా వచ్చిన మనిషి ఆ మాట అడిగితే పాతవాళ్ళు కాసేపు మొహాలు చూసుకుంటారు. మరుసటి ఏడు నిన్నే ముందు పెడతారు.

చిన్న మాటలు రెండు. దీపావళికి ముందు ఆదివారాల్లో ఉస్మాన్ రోడ్డు వైపు వెళ్ళకు, కొనాల్సినవి మామూలు రోజుల్లో పొద్దున్నే కొనుక్కో. పాండీ బజారులో 2019లో కాలిబాటలు వెడల్పు చేసి బల్లలు వేశారు. సాయంత్రం అల్లుడితో వెళ్ళి, ఏమీ కొనకుండా కాసేపు కూర్చుని రా.

అద్దె కాగితం మీద సంతకం పెట్టేముందు నాకు ఫోన్ చెయ్యి. ఇద్దరం ఆ వీధి ఒకసారి నడిచి చూద్దాం. వాన పడ్డ మర్నాడైతే మరీ మంచిది.

ఆశీస్సులతో,
మీ మామయ్య