చుక్క, గీత, రంగు: చిత్రకళకు ఓనమాలు

"నాకు బొమ్మలు వేయడం రాదు" అని మీలో చాలామంది అంటూ ఉంటారు. చేతిలో ఏదో మహిమ ఉన్నవాళ్ళకే చిత్రకళ అబ్బుతుందని అనుకుంటారు. కాని జీవశాస్త్రం పరీక్షలో గుండె పటం వేసేటప్పుడు, పాఠశాల వార్షికోత్సవానికి గోడప్రతిక రాసేటప్పుడు, ఇంటి ముందు ముగ్గు పెట్టేటప్పుడు మనమందరం చిత్రకారులమే. భాషకు అక్షరాలు, వ్యాకరణం ఉన్నట్లే చిత్రానికీ కొన్ని మూలాంశాలు, కొన్ని సూత్రాలు ఉన్నాయి. చుక్క, గీత, ఆకారం, వెలుగునీడల ఛాయ, రంగు, నునుపు గరుకుల గుణం, స్థలం - ఇవి అక్షరాలు. సమతూకం, నిష్పత్తి, లయ, వైరుధ్యం, ప్రాధాన్యం, ఏకత - ఇవి వ్యాకరణం. వీటి వెనుక మన కంటి పనితీరు, కొంత గణితం దాగి ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

చుక్క

అన్నిటికంటె చిన్నది చుక్క. ఒంటరిగా ఉన్న చుక్క చూపును ఆపుతుంది. పక్కపక్కన చాలా చుక్కలుంటే కన్ను వాటిని కలిపి చూస్తుంది. వార్తాపత్రికలోని ఫోటోను భూతద్దంతో పరిశీలించండి. బొమ్మ మాయమై చుక్కలు మాత్రమే కనిపిస్తాయి! మామూలు చూపు గల మనిషికి, 1 మిల్లీమీటరు ఎడంలో ఉన్న రెండు చుక్కలు 3 మీటర్ల పైచిలుకు దూరం నుంచి చూస్తే ఒకటిగా కలిసిపోతాయి. అచ్చు యంత్రానికి బొమ్మ వేయడం సాధ్యమయ్యేది కంటికున్న ఈ పరిమితి వల్లనే. ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ సూరా 1884-86 మధ్య సుమారు 2 మీటర్ల ఎత్తు, 3 మీటర్ల వెడల్పు గల పెద్ద చిత్రాన్ని చిన్న చిన్న రంగు చుక్కలతోనే నింపాడు.

గీత

చుక్క కదిలితే గీత. అడ్డగీత విశ్రాంతిని సూచిస్తుంది. నిలువుగీత నిటారుతనాన్ని, ఏటవాలు గీత కదలికను తోపింపజేస్తాయి. పరుగెత్తే మనిషిని నిటారుగా గీసి చూడండి, వాడు పరుగెత్తడు! శ్రీకాళహస్తి కలంకారీలో గీతదే పెత్తనం. అక్కడి కళాకారులు బట్టను కరక్కాయ రసం, పాలతో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలను బెల్లంనీటిలో నానబెట్టి తీసిన ద్రవంలో వెదురు కలాన్ని ముంచి, ఆ బట్టపై బొమ్మల రూపురేఖలు గీస్తారు. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నల్లగా మారుతుంది. కాబట్టి ఆ నల్లగీత ఒక రసాయన చర్య ఫలితం కూడా.

ఆకారం

గీత తిరిగివచ్చి తనను తాను కలుసుకుంటే ఆకారం. దీని విలువ తెలియాలంటే రోడ్డు పక్కన ఉండే గుర్తులను చూడండి. మన దేశంలో హెచ్చరిక గుర్తులు త్రిభుజాలు. తప్పక పాటించవలసిన ఆజ్ఞలు ఎక్కువగా వృత్తాలు. సమాచారం తెలిపేవి దీర్ఘచతురస్రాలు. "ఆగుము" అనే గుర్తు మాత్రం ఎనిమిది భుజాల ఎర్ర పలక. ఎరుపు ఒక్కటే చాలదా? చాలదు. ఎరుపును, ఆకుపచ్చను వేరుచేసి గుర్తించలేని వాళ్ళు మన మధ్య ఉన్నారు. మునిమాపు వేళ అందరికీ రంగులు మసకబారుతాయి. అప్పుడు డ్రైవరును ఆపేది పలక ఆకారమే. రంగు తప్పిపోయినా ఆకారం చెప్పాలి; ఒక్క క్షణం ఆలస్యమైతే పోయేది ప్రాణం.

రంగు: నల్లదారం కథ

ఇక రంగు. పారిస్ నగరంలో గోబెలాఁ అనే పేరుగల చిత్రవస్త్రాల కర్మాగారం ఉంది. 1824లో మిషెల్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అక్కడి అద్దకం శాఖకు అధిపతి అయ్యాడు. ఆయన దగ్గరకు ఒక ఫిర్యాదు వచ్చింది: నీలం, ఊదా రంగు బట్టల మడతల్లో నీడల కోసం నేసిన నల్ల ఉన్ని వెలవెలబోతున్నదట! అద్దకంలో లోపముందని అందరూ అనుకున్నారు. షెవ్రోల్ ఆ ఉన్నిని ఇతర చోట్ల అద్దిన నల్ల ఉన్నితో పోల్చి చూశాడు. లోపం ఏమీ లేదు. అదే దారాన్ని విడిగా చూస్తే కారునలుపు. నీలం పక్కన పెడితే వెలిసిన నలుపు!

అంటే తప్పు రంగుల తొట్టిలో లేదు, చూసే కంటిలో ఉంది. పక్కపక్కనున్న రెండు రంగులు ఒకదానినొకటి మారుస్తాయి. ప్రతి రంగూ తన పొరుగు రంగుపై తనకు ఎదురు రంగు ఛాయను పులుముతుంది. నీలానికి ఎదురు రంగు నారింజ. అందువల్ల దాని పక్కనున్న నలుపుకు ఆ ఛాయ సోకి నలుపు చిక్కదనం తగ్గినట్లనిపించింది. షెవ్రోల్ ఏళ్ల తరబడి పరిశోధించి 1839లో ఈ విషయాలన్నీ గ్రంథంగా ప్రచురించాడు. చిత్రకారులు దానిని ఆసక్తిగా చదివారు. మనం పైన చెప్పుకున్న సూరా వారిలో ఒకడు. షెవ్రోల్ 102 సంవత్సరాలు జీవించి 1889లో మరణించాడు.

ఇలా ఎందుకు జరుగుతుంది? కంటి రెటీనాలోని కణాలు విడివిడిగా పనిచేయవు. ఒకచోట బలమైన వెలుగు పడితే అక్కడి నాడీకణాలు పొరుగు కణాల స్పందనను అణచివేస్తాయి. అందువల్ల హద్దుల వద్ద తేడా మరింత పెద్దదిగా కనిపిస్తుంది. వస్తువుల అంచులను పసిగట్టడానికి ప్రకృతి మనకిచ్చిన ఉపాయమిది.

ఛాయ, గుణం, స్థలం

ఒకే రంగులో వెలుగు నుంచి నీడ వరకు ఉండే మెట్లే ఛాయలు. వృత్తానికి ఒక పక్క నెమ్మదిగా ఛాయ ముదిరితే అది బంతి అవుతుంది. నునుపు గరుకుల గుణం తాకకుండానే చేతికి తెలిసినట్లనిపిస్తుంది. పోచంపల్లి చీరలో నేతకు ముందే దారాలను ముడులు కట్టి రంగుల్లో ముంచుతారు. అందుకే బొమ్మల అంచులు కత్తితో కోసినట్లు ఉండక ఈకల మాదిరి మెత్తగా కనిపిస్తాయి. ఆ నేతకు అదే అందం.

చదునైన కాగితంపై దూరాన్ని చూపడమెలా? రైలు పట్టాల మధ్య నిలబడినట్లు ఊహించుకోండి. దూరం రెట్టింపైతే వస్తువు సగంగా కనిపిస్తుంది. పట్టాలు ఒక బిందువు వద్ద కలిసినట్లు తోస్తాయి. ఈ విషయాన్ని లెక్క ప్రకారం చిత్రకారులకు వివరిస్తూ ఇటలీలో ఆల్బెర్టి 1435లో గ్రంథం రాశాడు.

వ్యాకరణం

అక్షరాలు తెలిశాయి. వాటిని కూర్చడమెలా? ఇందుకు ముగ్గు మంచి గురువు. "7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు" అంటే మధ్య వరుసలో 7, ఆ పైనా కిందా 6, 5, 4 చొప్పున చుక్కలు. మొత్తం 37. ఈ ముగ్గును 60 డిగ్రీలు తిప్పినా చుక్కలు మళ్ళీ అలాగే అమరుతాయి. సరి చుక్కతో 7 నుంచి 1 వరకు రెండేసి తగ్గిస్తూ పెడితే 25 చుక్కలు. దానిని 90 డిగ్రీలు తిప్పాలి. ఈ గుణమే సౌష్ఠవం. అది సమతూకంలో ఒక రకం.

రెండు పక్కలా ఒకేలా లేకపోయినా సమతూకం సాధ్యమే. తులాదండ సూత్రం గుర్తుందా? ఆధారానికి దగ్గరగా ఉన్న పెద్ద బరువును, దూరంగా ఉన్న చిన్న బరువు నిలపగలదు. చిత్రంలోనూ మధ్యకు దగ్గరగా ఉన్న పెద్ద చెట్టును అంచున ఉన్న చిన్న పక్షి తూచగలదు.

అంచు పొడవునా ఒకే పువ్వు మళ్ళీ మళ్ళీ వస్తే లయ. తేడా చూపితే వైరుధ్యం. వైరుధ్యం ఎక్కడ ఎక్కువో చూపు అక్కడికే పోతుంది, అదే ప్రాధాన్యం. అన్నిటినీ పెద్దవిగా రాసిన గోడప్రతికలో ఏదీ పెద్దది కాదు!

ఇవన్నీ ఒకేచోట చూడాలంటే 1947 జూలై 22న ఆమోదం పొందిన మన జాతీయ పతాకాన్ని చూడండి. పొడవు, ఎత్తుల నిష్పత్తి 3:2. మూడు పట్టీలూ సమానం. తెలుపుపై ముదురు నీలం చక్రం, అది వైరుధ్యం. చక్రం నడిమధ్యన ఉన్నది, అది ప్రాధాన్యం. 15 డిగ్రీలకొకటి చొప్పున 24 ఆకులు, అది లయ. దేనిని తీసివేసినా వెలితిగా ఉంటుంది. అదే ఏకత.

చేసి చూడండి

1. ఒకే బూడిదరంగు కాగితం నుంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించండి. ఒకటి నల్ల కాగితంపై, రెండవది తెల్ల కాగితంపై ఉంచండి. ఏది లేతగా కనిపిస్తుంది?

2. మరో బూడిద ముక్కను మంచి ఎర్ర కాగితంపై పెట్టి, పైన పలుచని ట్రేసింగ్ కాగితం కప్పండి. బూడిదరంగులో ఏ ఛాయ తొంగి చూస్తున్నది? షెవ్రోల్ మాట నిజమో కాదో మీరే తేల్చండి.

3. నల్ల కాగితంతో ఒక పెద్ద చతురస్రం, ఒక చిన్న చతురస్రం కత్తిరించండి. తెల్ల కాగితంపై వాటిని జరుపుతూ ఎక్కడ తూకం కుదిరిందో గుర్తించండి. మీ స్నేహితుడి చేత కూడా చేయించి, ఇద్దరి గుర్తులనూ పోల్చండి.

4. మీ సైన్సు నోటుపుస్తకంలోని ఒక పటాన్ని తీసుకోండి. అందులో చూపు మొదట ఎక్కడికి పోతున్నది? అసలు పోవలసినది ఎక్కడికి? రెండూ ఒకటి కాకపోతే పటాన్ని మళ్ళీ గీయండి.