పరదేశ సేవకు పోవు యౌవనులకు ఒక పాఠము

పాఠ్యభాగము: నెహెమ్యా 2వ అధ్యాయము

యెరూషలేము ప్రాకారము కూలిపడి యున్నదని విన్నప్పుడు నెహెమ్యా శూషను కోటలో రాజునకు గిన్నె అందించువాడుగా ఉండెను. విని ఏడ్చెను, ఉపవాసముండెను, ప్రార్థించెను. అయితే మరునాడే బయలుదేరలేదు. కిస్లేవు మాసమున విన్నవాడు నీసాను మాసము వచ్చువరకు రాజు ఎదుట నోరు విప్పలేదు. ఎంతకాలము పట్టునని రాజు అడుగగా గడువు చెప్పెను. నది అవతలి అధికారులకు పత్రికలను, మ్రానుల కొరకు అడవులు కాయువానికి ఒక పత్రికను అడిగి తీసికొనెను. యెరూషలేము చేరిన పిమ్మట కూడ మూడు దినములు ఊరకుండి, రాత్రివేళ కొద్దిమందితో లేచి, ఎవరికిని చెప్పక గోడ చుట్టు తిరిగి చూచెను. ఒకచోట అతడు ఎక్కిన పశువు పోవుటకు సందే లేకపోయెను. ఇదంతయు చూచిన తరువాతనే జనులను పనికి పిలిచెను.

ప్రియులారా, ఈ క్రమమును మన యౌవనులు నిదానముగా చదువవలెను. నేడు పరదేశమునకు పోయి రెండు వారములు పేదపిల్లలకు సేవ చేయవచ్చును, దేశమును చూడవచ్చును అను ప్రకటనలు చేతిలోని ఫోనులోనికే వచ్చుచున్నవి. అమెరికాలోను ఆస్ట్రేలియాలోను స్థిరపడిన మన తెలుగు కుటుంబముల పిల్లలు సెలవులలో ఇట్టి పనులకు పోవుటకలదు. ఇక్కడి కాలేజీ పిల్లలకును ఆ ఆశ లేకపోలేదు. పోవుట తప్పు కాదు. లోకము చూడవలెనను కోరికయు తప్పు కాదు, దానిని సేవ అను పేరు క్రింద దాచనంతవరకు. అయితే డబ్బు కట్టుటకు ముందే అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. అక్కడివారు నిన్ను పిలిచిరా, లేక నీవు వచ్చెదవని ఎవరో వారిని సిద్ధపరచిరా?

కంబోడియా సంగతి వినుడి. అంగ్‌కోర్ గుడులను చూచుటకు సియెమ్ రీప్ పట్టణమునకు లక్షలాది యాత్రికులు వత్తురు. వారిలో దయగల యౌవనులు అనాథాశ్రమములలో కొన్ని దినములుండి, పాఠములు చెప్పి, ఆటలాడించి, కానుకలిచ్చి పోవుచుండిరి. 2005 మొదలు 2010 వరకు ఆ దేశములో పిల్లల ఆశ్రమములు నూటికి 75 వంతులు పెరిగినవి. ఆ యేండ్లలో అక్కడ పెద్ద యుద్ధము లేదు, తల్లిదండ్రులు గుంపులుగా చనిపోలేదు. యునిసెఫ్ వారు విచారింపగా, ఆశ్రమములలోని ప్రతి నలుగురు పిల్లలలో దాదాపు ముగ్గురికి తల్లియో తండ్రియో బ్రతికియే యున్నట్లు తేలెను. మరి ఆ పిల్లలు ఎట్లు వచ్చిరి? చూడవచ్చువారు ఉండిరి గనుక పిల్లలు కావలసి వచ్చిరి! పల్లెలోని బీద తల్లితో నీ బిడ్డకు చదువు, కూడు దొరకునని చెప్పగా ఆమె నమ్మి పంపెను. వచ్చిన యౌవనులు మనస్ఫూర్తిగానే ప్రేమించిరి. అయినను ప్రతి రెండు వారములకు ఒక క్రొత్త అక్కను హత్తుకొని, ఆమె పోగా ఏడ్చి, మరల ఇంకొక అన్నను హత్తుకొనిన బిడ్డ మనస్సు ఏమగును? 2019లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ కూడ అనాథాశ్రమములలో ఇట్టి స్వచ్ఛంద సేవవలన కలుగు హానిని గూర్చి హెచ్చరించెను.

యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయములో దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను ఒక్క మాటలోనే కలిపి చెప్పుట గమనించితిరా? తల్లికి బియ్యము, బిడ్డకు బడి ఖర్చు దొరికినయెడల బిడ్డ ఆమె యొద్దనే పెరుగును. అయితే అట్టి ఇంటిముందు నిలిచి ఫోటో తీసికొనుటకు ఎవరును సముద్రము దాటి రారు.

మేలైన మాదిరియు కలదు, అదియు మన దేశములోనే. 1934 జనవరి 15న బీహారులో గొప్ప భూకంపము కలిగెను. స్విట్జర్లాండు దేశస్థుడైన పియెర్ సెరెసోల్ అను ఇంజనీరు ఆ వార్త విని, మొదట తాను వచ్చి పరిస్థితిని చూచి, అక్కడి సహాయ సంఘము వారితో మాటలాడి తిరిగిపోయెను. ఆ తరువాతనే కొద్దిమంది స్నేహితులను తోడుకొని వచ్చి, గ్రామస్థులతోకూడ మన్ను మోసి, మెరక నేలమీద ఇండ్లు కట్టుటలో పాలుపొందెను. అతడు 1920లో యుద్ధమువలన పాడైన ఒక ఫ్రెంచి గ్రామమున పని ప్రారంభించి, మొన్నటివరకు శత్రువులైన జర్మనులను కూడ ఆ పనిలో చేర్చుకొనినవాడు. నెహెమ్యా గోడయు ఇట్లే లేచినది. మూడవ అధ్యాయము చూడుడి, అనేకులు ఎవరి ఇంటికి ఎదురుగా వారే బాగుచేసికొనిరి. 52 దినములలో పని ముగిసెను.

చేతిలో పని లేని చెయ్యి ఎంత మంచిదైనను బరువే. 1958లో ఇంగ్లండులో వి.ఎస్.ఓ. అను సంస్థ ఆరంభమైనప్పుడు బడి ముగించిన పదునెనిమిదేండ్ల వారినే పంపిరి. కాలక్రమమున ఆయా దేశములు తర్ఫీదు పొందినవారిని కోరగా, ఉపాధ్యాయులు, నర్సులు మొదలగువారు పోసాగిరి. అమెరికావారి పీస్ కోర్ 1961లో పుట్టినది. అందు చేరువారు సుమారు మూడు నెలలు భాషయు పనియు నేర్చుకొని, పిమ్మట రెండేండ్లు ఉండవలెను. రెండు వారములలో అక్కడివారి భాషలో నీళ్లు అడుగుట నేర్చుకొందుమేమో!

కాబట్టి పెద్దలారా, మీ పిల్లలచేత ఆ కార్యక్రమము వారికి ఒక ఉత్తరము వ్రాయించుడి. ఈ పనిని కోరిన స్థలమువారు ఎవరు? మేము రానియెడల దీనికి కూలి తీసికొని ఎవరు చేయుదురు? మేము కట్టు సొమ్ములో భోజనము, బస ఎంత, కార్యాలయమునకు ఎంత, గ్రామమునకు ఎంత? పిల్లల మధ్య పనియైనచో మా నడవడి గూర్చి పోలీసు ధ్రువపత్రము అడుగుదురా? నిన్ను గూర్చి విచారింపని ఆశ్రమము, నీకంటె చెడ్డవానిని గూర్చియు విచారింపదు.

ఐక్యరాజ్యసమితి స్వచ్ఛంద సేవకుల సంస్థ దరఖాస్తుకు రుసుము పుచ్చుకొనదు. ఆ పేరు చెప్పి సొమ్ము అడుగు ఏజెంటును నమ్మవద్దు. నెహెమ్యా పత్రికలు అడిగినట్లు మీరును వీసా ఏ పనికి ఇచ్చిరో చదివి చూడుడి, ఏలయనగా జీతము లేని పనియైనను సందర్శకుల వీసాపై చేయుటను అనేక దేశముల చట్టము ఒప్పదు. తిరుగు ప్రయాణపు టిక్కెట్టు ముందే కొనవలెను. అక్కడ చేరిన పిదప పాస్‌పోర్టును ఎవరు అడిగినను వారియొద్ద విడిచిపెట్టరాదు. దాని నకలు ఒకటి ఇంటియొద్ద తల్లిదండ్రుల పెట్టెలో ఉండవలెను.