నుమాయిష్ టిక్కెట్టు – మహిళాభ్యుదయం

పర్యాటకం అనగానే అందరికీ చార్మినార్, గోల్కొండ గుర్తుకొస్తాయి. నాకు నాంపల్లి గుర్తుకొస్తుంది. జనవరి వచ్చిందంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కుని, అటునుంచి నడిచి నుమాయిష్‌కు పోవడం నా అలవాటు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ఈ ప్రదర్శన 1946లో ఇప్పటి మైదానానికి మారింది. దీన్ని నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ వచ్చిన రాబడితో విద్యాసంస్థలు నడుపుతోంది. ఆ మైదానంలోనే ఉన్న కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ వాటిలో ఒకటి. అంటే మనం మిర్చి బజ్జీ తింటూ తిరిగే చోటే ఆడపిల్లలు డిప్లొమా చదువుతున్నారన్నమాట!

అక్కడ పోచంపల్లి చీరలు చూసినప్పుడల్లా నాకు ఆసు గుర్తుకొస్తుంది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. తరతరాలుగా ఇది ఇంటి ఆడవాళ్ళ పని. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. సైన్సు అంటే ఇదీ! 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. కాని చూడవచ్చేవాళ్ళు పెరిగితే చాలదు. ఆసు పోసే ఆవిడకు ధర కట్టడం, బిల్లు రాయడం, వచ్చినవాళ్ళకు తన పని వివరించడం కూడా నేర్పాలి. లేకుంటే సొమ్ము గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడిదే.

మా ఇంట్లోనూ అంతే. పత్తి ఏరేది అమ్మ, తక్‌పట్టీ నాన్న జేబులో. చెల్లికి పాలిసెట్‌లో ర్యాంకు వచ్చింది. "ఆడపిల్ల పట్నంలో ఒక్కతే ఎట్లుంటది?" అంటున్నాడు నాన్న. నన్ను పంపలేదా అంటే మాట్లాడడు. కౌన్సెలింగుకు ఇంకా ఎనిమిది రోజులుంది. ఆయన్ను వెంటబెట్టుకొచ్చి ఆ పాలిటెక్నిక్ చూపిస్తాను. ముందు అమ్మతో చెప్పించాలి.