చప్పుడు మానిన చక్రము

హైదరాబాదునకు తూర్పున, విజయవాడకు పోవు రాజమార్గముపై దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్.బి. నగర్ వరుసగా కలవు. 2018 సెప్టెంబరు నుండి ఆ దారి నడుమ స్తంభములపై మెట్రో రైలు నడచుచున్నది. క్రింద బస్సుల రద్దీ మాత్రము తగ్గలేదు. అట్టి దారి అంచున సైకిలు త్రొక్కువానికి బ్రేకే ప్రాణము.

మా మనుమడు ఆ దారినే బడికి పోవును. ఒకనాడు ముందు చక్రము గుంటలో పడి బెండు వచ్చినది. తిరిగినప్పుడెల్ల రిమ్ము బ్రేకు రబ్బరును రాచుకొని చప్పుడు చేయుచుండెను. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక దుకాణమున బాగుచేయ నిచ్చి, సాయంకాలము నూటయేబది రూపాయలు చెల్లించి తెచ్చుకొంటిమి. చప్పుడు లేదు, సంతోషించితిని. మఱునాడు చైతన్యపురి యొద్ద ముందున్న బస్సు ఆగగా మనుమడు బ్రేకు నొక్కెను. సైకిలు ఆగలేదు! కాళ్లు నేల కానించి ఎట్లో నిలిచెను. చెప్పు తెగినది, అంతతో పోయినది.

ఇంటియొద్ద సైకిలును తలక్రిందులుగా నిలిపి చక్రము త్రిప్పి చూచితిని. బెండు అట్లే యున్నది. బ్రేకు తీగను వదలు చేసి రబ్బరులను దూరముగా జరిపియుండిరి. రోగము నిలిచినది, మూలుగు మాత్రము ఆగినది.

బెండు తీయుట ఓపిక గల పని. ఊచలు కుడియెడమల నుండి రిమ్మును లాగి పట్టుచుండును. రిమ్ము కుడికి ఒరిగినచోట ఎడమ ఊచలను బిగించి, కుడి ఊచలను వదలు చేయవలయును. ఒక్కమాఱే గట్టిగా త్రిప్పరాదు. కొంచెము త్రిప్పుట, చక్రము తిరుగుట చూచుట, మరల త్రిప్పుట. ఇందులకు అరగంటయైన పట్టును.

“పని బాగులేదు” అని కేకలు వేయవలెనని బయలుదేరితిని. దారిలో నా ప్రధానోపాధ్యాయత్వము జ్ఞప్తికి వచ్చినది. వ్యాసములపై “బాగులేదు” అని ఎఱ్ఱసిరాతో వ్రాసినప్పుడు ఏ బాలుడును దిద్దుకొనలేదు. తప్పు క్రింద గీత గీసిననాడు దిద్దుకొనెను. కావున దుకాణమున రసీదు చూపి, చక్రము త్రిప్పి, రిమ్ము ఒరిగినచోట సుద్దముక్కతో గీత గీసితిని.

“చప్పుడు పోవలెననియే గదా మీరు చెప్పితిరి, మాస్టారూ!” అని దుకాణదారుడనెను.

అది నిజమే. చక్రము సరిచేయుమని నేను చెప్పియుండలేదు. “బ్రేకు పోవలెనని చెప్పలేదు గదా, నాయనా!” అంటిని. అతడు నవ్వెను.

సొమ్ము తీసికొని సరిగా చేయని పని చట్టరీత్యా సేవాలోపము. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమునకు బదులుగా 2019 చట్టము వచ్చి, 2020 జూలైలో అమలునకు వచ్చినది. తాను నివసించు జిల్లా కమిషన్‌లోనే రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. ముందుగా 1915 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. నూటయేబది రూపాయలకై అంతదూరము పోవుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. అయినను రసీదు జేబులో నున్నవాడు గొంతు హెచ్చింప నక్కఱలేదు.

అతడు మరల సొమ్మడుగక, ముప్పావుగంట కూర్చుండి ఊచలు సరిచేసెను. మనుమడు సందులో రెండుమాఱులు వేగముగా పోయి బ్రేకు నొక్కి చూచెను. బండి నిలిచినది. మేము కదలుచుండగా దుకాణదారుడు వెనుకనుండి పిలిచెను: “ఆ సుద్దముక్క ఇచ్చి పొండు, మాస్టారూ!”