వెండితెర దాటిన స్వరం

చలనచిత్ర సంగీతం దృశ్యానికి తోడు. దృశ్యం ముగిసిన చోట అదీ ఆగవలసిందే. కచేరీ మందిరంలో వినిపించే రచనకు అట్టి ఆధారం లేదు. కేవలం తన నిర్మాణబలంతో అది శ్రోతను చివరిదాకా నిలుపుకోవాలి. ఈ రెండు విద్యలనూ సాధించిన భారతీయులలో వన్‌రాజ్ భాటియా (1927–2021) ముఖ్యులు.

బొంబాయిలో జన్మించిన భాటియా లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లోను, పారిస్‌లో నాదియా బూలాంజే వద్దను పాశ్చాత్య స్వరరచనను అభ్యసించారు. స్వదేశానికి తిరిగివచ్చి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బోధించారు. తెలంగాణ పల్లె నేపథ్యంగా శ్యామ్ బెనెగళ్ తీసిన ‘అంకుర్’ (1974) మొదలుకొని పలు చిత్రాలకు సంగీతం సమకూర్చారు.

పియానో కోసం ఆయన ఒక ‘ఫాంటసియా, ఫ్యూగ్’ రచించారు. ఫ్యూగ్‌లో ఒక చిన్న స్వరవాక్యం మొదట ఒంటరిగా వినిపిస్తుంది. తరువాత ఇతర స్వరధారలు దానినే ఒకటి వెనుక ఒకటిగా అందుకొని, ఏకకాలంలో అల్లుకొంటాయి. మన రాగాలాపనలో విస్తరించేది ఒకే ధార. ఈ భేదం గ్రహిస్తే రెండు సంప్రదాయాల సొగసూ బోధపడుతుంది.

గిరీశ్ కర్నాడ్ నాటకం ఆధారంగా ఆయన ‘అగ్నివర్ష’ అనే ఒపేరాను చేపట్టారు. మహాభారతంలోని యవక్రీతుని కథ కన్నడ నాటకమై, అనంతరం పాశ్చాత్య గేయనాటక రూపం ధరించింది.

చిత్రగీతాన్ని రేడియో పదే పదే వినిపిస్తుంది. స్వరలిపిలోని రచన మాత్రం వాద్యకారులు చేపట్టినప్పుడే ప్రాణం పోసుకొంటుంది. అట్టి వాద్యబృందాలు మన దేశంలో అరుదు. కనుక ఈ రచనల లిఖితప్రతులను భద్రపరచడమే కాదు, వాయించి వినిపించడం కూడా మన సాంస్కృతిక కర్తవ్యం.