పాత జీతం సంగతి కొత్త ఆఫీసులో చెప్పండి

ఉద్యోగం మారారా? జీతం పెరిగిందా? శుభం. మరి ఈ ఏడాది పాత కంపెనీలో ఎంత సంపాదించారో కొత్త కంపెనీకి చెప్పారా? ఈ మాట అడిగితే చాలామంది, "అవన్నీ వాళ్లే చూసుకుంటారు కదండీ" అంటారు. ఎవరూ చూసుకోరు. మీరు చెబితేనే చూస్తారు.

మాదన్నపేట నుంచి రోజూ హైటెక్ సిటీకి వెళ్లొచ్చే ఒక అమ్మాయి ఉందనుకుందాం. 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నెలకు 80 వేలు. అక్టోబరులో బెంగళూరులో నెలకు లక్షన్నర జీతానికి చేరింది. హైదరాబాద్ కంపెనీ ఏడాది జీతం 9.60 లక్షలని అంచనా వేసుకుంది. కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి జీతగాళ్లు కట్టాల్సింది సున్నా కాబట్టి టీడీఎస్ పట్టుకోలేదు. బెంగళూరు కంపెనీకి కనబడింది ఆరు నెలల 9 లక్షలే. అదీ పట్టుకోలేదు. 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ మాత్రం రెండు చోట్లా ఇచ్చేశారు.

జులైలో రిటర్న్ వేయడానికి కూర్చుంటే రెండు ఫారం-16లు పక్కపక్కన చేరాయి. మొత్తం 13.80 లక్షలు. డిడక్షన్ దొరికేది ఒక్కసారే కాబట్టి అది తీసేస్తే 13.05 లక్షలు. పన్ను 75,750, నాలుగు శాతం సెస్సుతో కలిపి 78,780 రూపాయలు. ముందుగా కట్టనందుకు వడ్డీ అదనం. ఇందులో ఎవరి మోసమూ లేదు. రెండు ఆఫీసుల మధ్య ఒక కాగితం నడవలేదు, అంతే.

ఆ ఏడాదికి ఆ కాగితం 12బి ఫారం. పాత చోట తీసుకున్న జీతం, కోసిన టీడీఎస్ అందులో రాసి కొత్త యజమానికి ఇస్తే, వాళ్లు రెండూ కలిపి లెక్కేసి మిగిలిన నెలల్లో కొంచెం కొంచెంగా కోస్తారు. మరి ఎందుకివ్వరు? బద్ధకం కన్నా భయమే ఎక్కువని నా నమ్మకం. ఇంటర్వ్యూలో పాత జీతం పెంచి చెప్పి ఉంటారు. మూడు నెలల్లోనే మానేసిన ఉద్యోగాన్ని రెజ్యూమెలో దాచి ఉంటారు. ఫారంలో నిజం రాస్తే ఆ అబద్ధం బయటపడుతుందని బెదురు. కానీ రెండు జీతాలూ మీ పాన్ కిందే నమోదవుతాయి. ఆదాయపు పన్ను శాఖవారి వార్షిక సమాచార నివేదిక (ఏఐఎస్)లో రెండూ కనబడతాయి. మీరు దాచాలనుకున్నది ప్రభుత్వానికి ముందే తెలుసు.

మాదన్నపేటకు ఆ పేరు తెచ్చిన మాదన్న, గోల్కొండ ఆఖరి సుల్తాను తానీషా కొలువులో రాజ్యపు ఆదాయ వ్యయాలు చూసిన మంత్రి. మనకు అంత పెద్ద లెక్క అక్కర్లేదు, మన సొంత జీతం లెక్క మన నోటితో చెప్పగలిగితే చాలు. చేరిన వారంలోనే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి: "ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పాత చోట నా జీతం ఇంత, టీడీఎస్ ఇంత. కలిపి లెక్కేయండి." రెండు వాక్యాలు. సంజాయిషీలు వద్దు. ఎంతకీ చెప్పడం ఇష్టం లేదా? బలవంతం లేదు. అప్పుడు మార్చి 15 లోపు అడ్వాన్స్ టాక్స్ మీరే కట్టేయండి. మానేసే రోజున పేస్లిప్పులన్నీ సొంత మెయిల్‌కు తెచ్చుకోండి, ఆ సాయంత్రమే ఆఫీసు లాగిన్ మూతపడుతుంది.

రాష్ట్రం మారామని వృత్తి పన్ను గురించి మాత్రం కంగారు పడకండి. తెలంగాణలో నెలకు 20 వేలు దాటితే 200 రూపాయలు, కర్ణాటకలోనూ దాదాపు అంతే. ఢిల్లీ, హర్యానాల్లో అసలు లేదు. రాజ్యాంగం 276వ అధికరణం ఏడాదికి 2,500కు మించనివ్వదు.

అసలు చిక్కు అమెరికాలో ఉన్న మన పిల్లలది. అక్కడ కేంద్రానికి వేరే, రాష్ట్రానికి వేరే రిటర్న్. టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. డాలస్ నుంచి ఏడాది మధ్యలో ప్రాజెక్టు మారి నార్త్ కరోలినా చేరితే, అక్కడున్న నెలలకు అక్కడ కట్టాల్సిందే. ప్రాజెక్టు మారిన రోజే పేరోల్‌కు కొత్త చిరునామా చెప్పకపోతే డబ్ల్యూ-2లో (అక్కడి ఫారం-16 లాంటిది) తప్పు రాష్ట్రం పడి, దిద్దించుకోవడానికి నెలలు పడుతుంది. చెప్పడానికి మొహమాటపడే గుణం సముద్రం దాటినా వదలదు, అందుకే దాన్ని ఇక్కడే మానుకోమంటున్నాను.

న్యూజెర్సీలో ఇల్లు, న్యూయార్క్‌లో ఆఫీసు ఉన్నవాళ్లకు రెండు రాష్ట్రాల రిటర్నులూ తప్పవు. న్యూయార్క్‌లో చేసిన పనికి న్యూయార్క్ పన్ను అడుగుతుంది. న్యూజెర్సీ మొత్తం ఆదాయాన్నీ లెక్కేసి, అవతల కట్టినదానికి పరిమితి మేరకు క్రెడిట్ ఇస్తుంది. న్యూయార్క్ కంపెనీల ఉద్యోగులు సొంత సౌలభ్యం కోసం ఇంటి నుంచి పనిచేసిన రోజుల్నీ ఆ రాష్ట్రం మామూలుగా తన ఖాతాలోనే వేసుకుంటుంది. కాబట్టి ఏ రోజు ఎక్కడ కూర్చుని పనిచేశారో ఫోన్ క్యాలెండర్లో అప్పటికప్పుడే రాసుకోండి. ముందు న్యూయార్క్ రిటర్న్ పూర్తి చేసి, అక్కడ కట్టాల్సింది ఎంతో తేలాకే న్యూజెర్సీది మొదలుపెట్టండి.