పొట్టి కుక్క, గట్టి పంతం



"పిట్ట కొంచెం, కూత ఘనం" అన్న సామెత మీరు తరగతిలో చదువుకునే ఉంటారు. మన ప్లేనో ఇళ్ళలో ఈ సామెతకు సరిగ్గా సరిపోయే జీవి ఒకటుంది. బరువు చూస్తే ఆరేడు పౌండ్లు. తనకు పదింతలున్న కుక్క ఎదురైనా మొరుగుతూ మీదికి వెళుతుంది. పిలిస్తే రాదు, వద్దంటే మానదు. ఈ బుల్లి కుక్కలకు అంత పంతం ఎక్కడిదో, బయటికి తీసుకెళ్ళినప్పుడు వాటిని ఎలా కాపాడుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పంతం ఎక్కడిది?

డాక్స్‌హుండ్ అన్నది జర్మన్ పేరు. "డాక్స్" అంటే బొరియల్లో ఉండే బాడ్జర్ అనే జంతువు, "హుండ్" అంటే కుక్క. బొరియలో దూరిన కుక్కకు యజమాని కనబడడు. అక్కడ ఏం చేయాలో తానే నిర్ణయించుకోవాలి. అందుకు తగిన మొండి ధైర్యం ఉన్న కుక్కలనే ఎంచి ఆ జాతిని పెంచారు. "టెరియర్" అన్న మాట కూడా లాటిన్‌లో నేల అనే అర్థమున్న "టెర్రా" నుంచి వచ్చినదే. ఇంగ్లండులో జాన్ రసెల్ అనే మతాచార్యుడు 1819లో ట్రంప్ అనే ఆడ టెరియర్‌ను కొన్నారు. జాక్ రసెల్ టెరియర్‌కు ఆయన పేరే వచ్చింది. దాని పని నక్కను బొరియ నుంచి వెళ్ళగొట్టడం.

కాబట్టి ఉడుత కనబడగానే మీ కుక్క దూసుకుపోతే అది పొగరు కాదు, తరతరాలుగా దానికి అబ్బిన పని. మనం నేర్పితే చాలావరకు మాట వింటుంది. కాని "పిలిస్తే వస్తుందిలే" అన్న ఒక్క నమ్మకం మీద దాని ప్రాణం వదిలేయకూడదు.

బయట ఏముంది?

ఆర్బర్ హిల్స్, ఓక్ పాయింట్ వంటి చోట్లే కాదు, మన ఇళ్ళ వెనుక క్రీకుల వెంబడి కూడా కాయోటీలు, బాబ్‌క్యాట్లు తిరుగుతాయి. కాయోటీ చూడటానికి తోడేలుకు తమ్ముడిలా ఉంటుంది. బాబ్‌క్యాట్ పొట్టి తోక అడవి పిల్లి. చిన్న కుక్క వాటి కంటికి కుందేలుతో సమానం. 2018 చివర్లో పక్కనే ఉన్న ఫ్రిస్కోలో కాయోటీలు మనుషుల మీద పడిన సంఘటనలు కూడా జరిగాయి. ఆరడుగుల ఫెన్స్‌ను ఈ జంతువులు దాటగలవు. అందుచేత బ్యాక్‌యార్డ్‌లోకి వదిలినా, ముఖ్యంగా చీకటి పడ్డాక, పెద్దవాళ్ళు ఒకరు తోడు వెళ్ళాలి.

మన టెక్సస్ ఎండ రెండో ప్రమాదం. కాలిబాట మీద అరచేతి వెనుక భాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచి చూడండి. మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. ఇక్కడొక చిక్కుంది. వేసవిలో చల్లగా ఉండే వేకువ, మునిమాపు వేళలే కాయోటీలు తిరిగే వేళలు. అందుకని ఉదయం బాగా వెలుగు వచ్చి, నేల ఇంకా వేడెక్కని సమయాన్ని ఎంచుకోండి.

ఒకటి తప్పినా మరొకటి

ఇంజనీర్లు వంతెన కట్టినా, ప్రోగ్రాం రాసినా ఒకే రక్షణను నమ్ముకోరు. ఇక్కడా అంతే.

1. ఆరడుగుల మామూలు లీష్ వాడండి. సాగే లీష్ అయితే కుక్క ఎంత దూరం పోతుందో మన చేతిలో ఉండదు.
2. చిన్న జాతుల్లో చాలావాటికి శ్వాసనాళం సున్నితం. లీష్‌ను మెడ కాలర్‌కు కాక, ఛాతీకి తొడిగే హార్నెస్‌కు తగిలించండి.
3. కాలర్‌కు ఫోన్ నంబరు బిళ్ళ, చర్మం కింద మైక్రోచిప్ రెండూ ఉండాలి. జూలై 4న, దీపావళికి టపాకాయల చప్పుడుకు బెదిరి పారిపోయే కుక్కలు ఎన్నో.
4. కాయోటీ ఎదురైతే కుక్కను ఎత్తుకోండి. పరుగెత్తవద్దు, వీపు చూపించవద్దు. గట్టిగా అరుస్తూ, చెయ్యి ఊపుతూ మెల్లగా వెనక్కి నడవండి.

అమ్మమ్మ పిలిస్తే వస్తుందా?

ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మగారు, తాతగారు "పాపం, నోరులేని జీవాన్ని కట్టి తిప్పుతారెందుకు?" అని అడగడం సహజం. వారి ఊళ్ళో కుక్క వీధంతా తనదే అన్నట్టు తిరుగుతుంది, వీధిలో అందరికీ అది తెలుసు. ఇక్కడ వీధిలో మనుషులు తక్కువ, కార్లు ఎక్కువ. పైగా లీష్ లేకుండా వదలడం ప్లేనో నగర నిబంధనలకు విరుద్ధం. ఇది వారికి ఓపికగా చెప్పవలసింది మీరే.

మరో సంగతి. మీరు బడికి, అమ్మానాన్నలు ఆఫీసుకు వెళ్ళాక కుక్కతో ఇంట్లో ఉండేది వారే. తలుపు తీసిన క్షణంలో అది రోడ్డు మీదికి ఉరికితే వారి నోట అప్రయత్నంగా వచ్చేది తెలుగు మాటే. కుక్కకు ఇంగ్లీషు మాటలే తెలిస్తే ఆ పిలుపు వృథా. అందుకని ఇంటిల్లిపాదీ ఒకే మాటలు వాడండి: రా, ఆగు, కూర్చో, వదులు.

ఇలా పని చేయమని ఆజ్ఞాపించే వాక్యాలను విధ్యర్థక వాక్యాలు అంటారు. కుక్కను "రా" అనాలి, అమ్మమ్మగారిని "రండి" అనాలి. ఇది తారుమారు చేయకండేం! మాట ఒక్కసారే చెప్పండి, వచ్చిన వెంటనే మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెట్టండి. పదిసార్లు "రా రా రా" అంటే మొదటి తొమ్మిదీ లెక్కలోకి రావని అది నేర్చుకుంటుంది. ఆలస్యంగా వచ్చినా తిట్టకండి. తిడితే మరోసారి అసలు రాదు.

ఇంటి పని

1. "లీష్ ఎందుకు?" అన్న ప్రశ్నకు అమ్మమ్మగారికి లేదా తాతగారికి తెలుగులో ఐదు వాక్యాల్లో జవాబు చెప్పండి.
2. రా, ఆగు, కూర్చో, వదులు – వీటికి గౌరవ రూపాలు రాయండి.
3. మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ వారం "ఆగు" అన్న మాట నేర్పండి. ముందు గుమ్మం దగ్గర మొదలుపెట్టండి. అన్నిటికన్నా అవసరం అక్కడే.